కడలి ఎదుట తీరిక భోజనం

ఆదివారం మధ్యాహ్నం విశాఖపట్నం బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే బల్ల దొరకాలంటే కాస్త ఓపిక పట్టాలి. లోపల ఏసీ హాల్లో చోటు ఉన్నా, నలుగురు స్నేహితులు కలిసి వచ్చినవాళ్లు వరండాలో బల్ల ఖాళీ అయ్యేదాకా నిలబడతారు. దొరికాక తొందరగా లేవరు. రొయ్యల వేపుడుతో మొదలై, వంజరం పులుసు, అన్నం, పెరుగు దాకా వచ్చేసరికి రెండు గంటలు గడిచిపోతాయి. ఆ నలుగురే సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో పావుగంటలో తినేసి చేతులు కడుక్కుంటారు.

ఆదివారం భోజనమే రుచిగా అనిపించడం వెనక వంటవాడి చేయి ఒక్కటే లేదు. గాలి వీచే తీరు, ఉప్పునీటిలో బతికే ప్రాణుల కండరాల్లోని రసాయనాలు, కెరటాల చప్పుడు, కడుపు నుంచి మెదడుకు వెళ్లే కబుర్లు, స్నేహితుల నవ్వులు అన్నీ అందులో పాలుపంచుకుంటాయి. వీటిలో ప్రతి ఒక్కటీ పనిచేయడానికి కొంత సమయం పడుతుంది. తీరిగ్గా కూర్చుంటేనే ఆ సమయం దొరుకుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఒంటిగంటకు వచ్చే చల్లగాలి

మే నెల మధ్యాహ్నం విశాఖ ఇసుకలో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. పక్కనే ఉన్న నీళ్లలో కాలు పెడితే హాయిగా ఉంటుంది. రెండింటి మీదా కాసే ఎండ ఒకటే. అయితే ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి సుమారు 4.2 జౌళ్ల శక్తి కావాలి. పొడి ఇసుకకు సుమారు 0.8 జౌళ్లు చాలు. పైగా సూర్యకాంతి నీటిలో చాలా లోతుకు దిగుతుంది, కెరటాలు ఆ నీటిని కలియబెడుతుంటాయి. దాంతో వేడి లోతుకంతా పంచుకుపోతుంది. ఇసుకలో అది పైపొరలోనే చిక్కుకుంటుంది.

నేల మీది గాలి వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. అక్కడ పీడనం కాస్త తగ్గుతుంది. సముద్రం మీదున్న చల్లటి, బరువైన గాలి ఆ చోటు నింపడానికి ఒడ్డుకు వస్తుంది. సముద్రపు గాలి అని మనం పిలిచేది ఇదే. మామూలుగా అది పొద్దెక్కాక మొదలై, మధ్యాహ్నం రెండు మూడు గంటల ప్రాంతంలో జోరందుకుంటుంది. రాత్రికి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి గాలి దిశ మారి, నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. భోజనాల వేళ, సముద్రపు గాలి ఊపందుకునే వేళ దాదాపు కలిసిపోవడం తీరవాసుల అదృష్టం.

ఎండాకాలంలో ఈ అదృష్టం ఒక్కోసారి తప్పిపోతుంది. పడమటి నుంచి వచ్చే వేడి పొడిగాలులు బలంగా ఉన్న రోజున సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వవు. అది ఆలస్యంగా వస్తుంది, లేదా రానే రాదు. కోస్తా ఊళ్లు వడగాలికి విలవిల్లాడేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనే.

సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. అయినా అది వీస్తుంటే హాయిగానే ఉంటుంది. కారణం చెమట. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటి నుంచి సుమారు 2,400 జౌళ్ల వేడి పోతుంది. గాలి కదలకపోతే చర్మాన్ని అంటుకుని తేమతో నిండిన పలుచని పొర నిలిచిపోతుంది, చెమట ఆరదు. గాలి వీస్తే ఆ పొర చెదిరిపోయి, మళ్లీ ఆరడం మొదలవుతుంది. వేడి మనిషికి ఆకలి మందగిస్తుందన్నది అందరికీ అనుభవమే. ఒళ్లు చల్లబడ్డాక కారం పులుసు వైపు చేయి మళ్లుతుంది.

కంటికి నీలం, చెవికి బుడగలు

సముద్రపు నీలాన్ని గురించి గట్టిగా ఆలోచించిన శాస్త్రవేత్తల్లో ఒకరు విశాఖలోనే బాల్యం గడిపారు. సి.వి. రామన్ తండ్రి 1892లో ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. రామన్ చదివిన బడి, సెయింట్ అలోషియస్, ఈ ఊళ్లోదే. 1921లో ఇంగ్లండ్ నుంచి తిరిగి వస్తూ ఎస్.ఎస్. నర్కుండా ఓడ మీద నుంచి ఆయన మధ్యధరా సముద్రాన్ని పరిశీలించారు. సముద్రం నీలంగా కనిపించడానికి ఆకాశం ప్రతిబింబమే కారణమని అప్పట్లో లార్డ్ రేలీ అభిప్రాయం. రామన్ తన దగ్గరున్న నికోల్ పట్టకంతో నీటి ఉపరితలం మీది ప్రతిబింబాన్ని అణచివేసి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కనైంది. అంటే రంగు నీటి లోపలి నుంచే వస్తోంది. ఆ ఆలోచన వెంటే నడిచి, ద్రవాల్లో కాంతి చెదిరే తీరును శోధిస్తూ పోయిన ఆయనకు 1928లో రామన్ ఫలితం దొరికింది, 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. నీటి అణువులు కాంతిలోని ఎరుపు భాగాన్ని ఎక్కువగా పీల్చుకోవడం, నీలాన్ని వెనక్కి చెదరగొట్టడం, ఈ రెండూ కలిసి సముద్రానికి రంగు వేస్తాయని ఇప్పుడు మనకు తెలుసు.

ఆ రంగు చూస్తూ తినడం వల్ల మనసుకు ఏమవుతుంది? మాథ్యూ వైట్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో జనానికి 120 ఫొటోలు చూపించారు. నీళ్లున్న దృశ్యాలు లేనివాటి కన్నా ఎక్కువ నచ్చాయి. భవనాల మధ్య నీళ్లు కనిపించే ఫొటోలకు పచ్చని ప్రకృతి దృశ్యాలతో సమానంగా మార్కులు పడ్డాయి. పర్యావరణ మనస్తత్వ శాస్త్రవేత్తలు రేచల్, స్టీఫెన్ కాప్లాన్‌ల వివరణ ఇక్కడ పనికొస్తుంది. పనిలో మనం బలవంతంగా నిలిపే ధ్యాస అలసిపోతుంది. కెరటాలు, మేఘాలు, ఆకుల కదలిక లాంటివి చూపును పట్టుకుంటాయి గానీ మెదడును ఏ పనీ అడగవు. ఆ కాసేపు అలసిన ధ్యాస తేరుకుంటుంది.

చెవి సంగతీ అంతే. కెరటం విరిగినప్పుడు వినిపించేది నీరు నీటిని కొట్టిన శబ్దం అనుకుంటాం. అందులో ఎక్కువ భాగం గాలి బుడగలది. విరిగే కెరటం గాలిని నీటి కిందికి లాక్కెళ్తుంది, ఆ గాలి లెక్కలేనన్ని బుడగలుగా చీలుతుంది. పుట్టిన ప్రతి బుడగా ఒక్క క్షణం ఉబ్బుతూ ముడుచుకుంటూ కంపిస్తుంది. 1933లో మార్సెల్ మిన్నార్ట్ ఈ కంపనానికి సూత్రం కట్టారు. దాని ప్రకారం ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ సెకనుకు సుమారు 3,300 సార్లు కంపించి సన్నటి స్వరం పలుకుతుంది. సెంటీమీటరు బుడగది దానికి పదోవంతు, బొంగురు స్వరం. చిన్నా పెద్దా బుడగలన్నీ ఒకేసారి పలకడంతో ఏ ఒక్క స్వరమూ విడిగా వినిపించదు. ఈ హోరు పక్క బల్ల మీది మాటల్ని కప్పేస్తుంది. మన బల్ల దగ్గరి మాటలు మాత్రం మనకు చేరతాయి. బహిరంగంగా కూర్చున్నా ఏకాంతంగా ఉన్నట్టుంటుంది.

ఉప్పునీటి ప్రాణుల రుచి

ఒడ్డున దిగగానే తగిలే సముద్రపు వాసనకు ఒక ముఖ్య మూలం డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువు. సముద్రంలోని సూక్ష్మ వృక్షాలు ఉప్పు ఒత్తిడిని తట్టుకోవడానికి ఒక గంధక పదార్థాన్ని తమలో దాచుకుంటాయి. అవి చనిపోయాక బ్యాక్టీరియా దాన్ని విడగొడితే ఈ వాయువు వెలువడుతుంది. బ్యాక్టీరియాలో ఈ పని చేయించే జన్యువుల్ని 2007లో ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ జాన్‌స్టన్ బృందం గుర్తించింది.

ఉప్పును తట్టుకోవడమన్న ఈ సమస్యే బల్ల మీదికి వచ్చే వంటకాల రుచినీ నిర్ణయిస్తుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతం. చుట్టూ అంత ఉప్పుంటే ఒంట్లోని నీరు బయటికి లాగేసుకుపోతుంది. రొయ్యలు, పీతలు దీనికి విరుగుడుగా తమ కండరాల్లో గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాల్ని నింపుకుంటాయి. గ్లైసిన్ నాలుకకు తియ్యగా తగులుతుంది. తాజా పీత మాంసంలో తెలిసే తీపికి చాలావరకు కారణం అదే. సముద్రపు చేపలు, రొయ్యలు తినే నాచు, పురుగుల నుంచి బ్రోమోఫీనాల్స్ అనే పదార్థాలు వాటి ఒంట్లో చేరి, కడలి పరిమళాన్ని ఇస్తాయి. చెరువుల్లో దాణా తిని పెరిగిన రొయ్యల్లో ఇవి తక్కువ. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌లో ఇది గుర్తుంచుకోదగ్గ విషయం. వల రొయ్యకు రుచి వేరని పెద్దవాళ్లు అంటే ఆ మాటలో రసాయన శాస్త్రం ఉంది.

సముద్రపు చేపల కండరాల్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే మరో రక్షక పదార్థం ఉంటుంది. దానికి వాసన లేదు. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది, నీచువాసన దానిదే. అది క్షార స్వభావం గలది. నిమ్మరసమో చింతపండు పులుసో తగిలితే ఆమ్లంతో కలిసి లవణంగా మారుతుంది, ఇక గాలిలోకి లేచి ముక్కును చేరలేదు. వేపుడు మీద నిమ్మకాయ పిండటం, చేపను చింతపండు పులుసులో వండటం నీచు పోగొట్టడానికని మన వంటిళ్లలో తెలియనివారు లేరు. అది ఎలా పోతుందో ఈ లెక్క చెబుతుంది. శీలావతి, బొచ్చె లాంటి మంచినీటి చేపల్లో ఈ ఆక్సైడ్ చాలా తక్కువ.

రొయ్యల వేపుడును పొయ్యి పక్కన నిలబడి చూడండి. పచ్చి రొయ్య బూడిద రంగులో, వెనక వేలు పెడితే కనిపిస్తుందేమో అన్నంత పారదర్శకంగా ఉంటుంది. నూనెలో పడగానే అంచుల నుంచి ఎరుపు పాకుతుంది, కండ తెల్లబడి గట్టిపడుతుంది, తోక లోపలికి చుట్టుకుంటుంది. ఆ ఎరుపు కొత్తగా పుట్టింది కాదు. అస్టాజాంథిన్ అనే ఎర్రటి వర్ణకం మొదటి నుంచీ రొయ్య పెంకులో ఉంది. క్రస్టాసయానిన్ అనే ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నంతకాలం రంగు నీలి బూడిదగా కనిపిస్తుంది. వేడికి ప్రోటీన్ ఆకృతి చెడి పట్టు వదులుతుంది, ఎరుపు బయటపడుతుంది.

చేప త్వరగా ఉడకడానికీ నీరే కారణం. మేక తన బరువంతా కాళ్ల మీద మోయాలి కాబట్టి దాని కండరాలను బలమైన కొల్లాజెన్ కట్టి ఉంచుతుంది. చేప బరువును నీరు మోస్తుంది. దానికి కొల్లాజెన్ కొద్దిగానే కావాలి, ఉన్నది కూడా తక్కువ వేడికే కరుగుతుంది. చందువ వేపుడును వేలితో తాకితే రేకులు రేకులుగా విడిపోయేది అందుకే. తాజా చేప దొరకడానికీ ఒక క్యాలెండరు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేటకు విరామం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే సమయం అది. తాజా చేప కోసం వెళ్లేవాళ్లు ఈ క్యాలెండరునూ గౌరవిస్తే మంచిది.

నోటికి చెవి సాయం

రుచి అని మనం అనుకునే దాంట్లో పెద్ద వాటా ముక్కుది. నమిలేటప్పుడు విడుదలైన సుగంధాలు, ఊపిరి వదిలినప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్తాయి. గబగబా మింగితే ఆ దారి గుండా వెళ్లేది తక్కువ. ఆకలి రుచి ఎరగదన్న సామెత తొందరకూ వర్తిస్తుంది.

చెవి కూడా ఇందులో చేయి వేస్తుంది. ఆక్స్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ స్పెన్స్, షెఫ్ హెస్టన్ బ్లూమెంతాల్ కలిసి ఒక ప్రయోగం చేశారు. ఆల్చిప్పలు తింటున్నవారికి ఒకసారి కెరటాల చప్పుడు, ఇంకోసారి కోళ్లూ పశువులూ ఉన్న పెరటి చప్పుడు వినిపించారు. కెరటాలు విన్నప్పుడు ఆల్చిప్పలు ఎక్కువ నచ్చాయి. ఉప్పదనంలో మాత్రం తేడా తెలియలేదు. దీన్ని ఆధారం చేసుకుని బ్లూమెంతాల్ తన ఫ్యాట్ డక్ రెస్టారెంట్‌లో శంఖంలో దాచిన చిన్న మ్యూజిక్ ప్లేయర్‌తో సహా వడ్డించే వంటకం తయారుచేశారు. విశాఖలోనూ, కాకినాడలోనూ, సూర్యలంకలోనూ ఒడ్డున కూర్చున్నవారికి ఆ శంఖం అక్కర్లేదు.

చప్పుడు మరీ ఎక్కువైతే ఫలితం తిరగబడుతుంది. విమానంలో వినిపించే స్థాయి హోరులో తీపి మందగిస్తుందని 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. కెరటాల ఒడ్డున పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు మోగించే యజమానులు వంటవాడి కష్టాన్నీ, సముద్రం ఉచితంగా ఇచ్చిందాన్నీ రెండింటినీ పోగొడుతున్నారని నా గట్టి నమ్మకం.

నలుగురితో తింటే

స్నేహితులతో కూర్చుంటే ఎక్కువ తింటామన్నది కొలిచి చూసిన నిజం. జాన్ డి కాస్ట్రో 1980ల చివర్లో జనం చేత వాళ్ల భోజనాల డైరీలు రాయించారు. ఒంటరిగా తిన్న భోజనాల కన్నా తోడుతో తిన్నవి 44 శాతం పెద్దవని తేలింది. 2019లో 42 అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. ఈ పెరుగుదల స్నేహితులు, కుటుంబసభ్యులతో తిన్నప్పుడు స్పష్టంగా ఉంది, అపరిచితుల మధ్య లేదు. కొత్తవాళ్ల ముందు మనం మొహమాటపడతాం. స్నేహితుల దగ్గర ఇంకో ముక్క వేసుకోవడానికి సంకోచం ఉండదు, వాళ్లు వేస్తుంటే వద్దనం. ఎక్కువసేపు కూర్చోవడమూ ఒక కారణం.

ఆ కూర్చోవడంలో దక్కేది తిండి ఒక్కటే కాదు. రాబిన్ డన్‌బార్ 2017లో బ్రిటన్‌లోని రెండువేల మంది వయోజనుల సర్వేను విశ్లేషించారు. తరచూ ఇతరులతో కలిసి తినేవారు ఎక్కువ సంతోషంగా, తమ చుట్టూ ఉన్నవారి మీద ఎక్కువ నమ్మకంతో ఉన్నారు. నవ్వులూ పాత జ్ఞాపకాలూ కలిసిన భోజనం మనుషుల్ని దగ్గర చేసిందని వాళ్లే చెప్పారు. నవ్వు విషయంలో శరీరం సాక్ష్యం కూడా ఉంది. ఫిన్లండ్‌లోని తుర్కు నగరంలో పరిశోధకులు స్నేహితులతో కలిసి నవ్విన మగవాళ్ల మెదళ్లను పెట్ స్కాన్‌తో చూస్తే, నొప్పిని తగ్గించి హాయినిచ్చే సహజ ఓపియాయిడ్లు విడుదలైనట్టు కనిపించింది. ఆ ఫలితం 2017లో వెలువడింది.

బల్ల చుట్టూ ఎంతమంది ఉండాలన్న ప్రశ్నకూ డన్‌బార్ పరిశీలనల్లో జవాబు ఉంది. ఒకే సంభాషణలో మనుషులు నలుగురిదాకా సాఫీగా ఇముడుతారు. ఐదోవాడు చేరితే కాసేపటికి మాట రెండుగా చీలుతుంది. పదిమంది వెళ్లినప్పుడు బల్ల అటు చివర ఒక కథ, ఇటు చివర ఇంకో కథ నడవడం మనకు తెలిసిందే.

కడుపు పంపే కబురు

ఖాళీ కడుపు చిన్న సంచి. భోజనంతో అది లీటరు, లీటరున్నర దాకా సాగుతుంది. ఆ సాగుదలను దాని గోడల్లోని నాడులు పసిగట్టి, వేగస్ నాడి ద్వారా మెదడు కాండానికి కబురు పంపుతాయి. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగులోకి దిగినప్పుడు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను వెలువడుతుంది. పిత్తాశయాన్ని కదిలించే పదార్థంగా దీన్ని 1928లో గుర్తించారు. అది తిండిని ఆపమనే సంకేతం కూడా అని 1973లో ఎలుకల మీది ప్రయోగాలు చూపించాయి. పేగు ఇంకా కింది భాగం నుంచి జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు వస్తాయి. మధుమేహానికీ ఊబకాయానికీ ఇప్పుడు వాడే కొత్త ఇంజెక్షన్లు అనుకరించేది ఈ జీఎల్‌పీ-1నే.

ఈ కబుర్లు నాడుల గుండా, రక్తంలో నడిచి మెదడుకు చేరి, చాలు అనిపించేసరికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. గ్రీస్ పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 17 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు 300 మిల్లీలీటర్ల ఐస్‌క్రీమ్ ఇచ్చారు. ఒకసారి ఐదు నిమిషాల్లో, మరోసారి అరగంటలో తినమన్నారు. తిన్నది ఒకటే. నెమ్మదిగా తిన్నప్పుడు పీవైవై, జీఎల్‌పీ-1 ఎక్కువగా వెలువడ్డాయి. పావుగంట భోజనంలో కబురు చేరకముందే మనం లేచిపోతాం. కడుపు బరువెక్కుతుంది గానీ తృప్తి కలగదు.

ఒకే రుచి తింటూ పోతే దాని మీద మోజు తగ్గుతుందని, కొత్త రుచి రాగానే ఆకలి మళ్లీ లేస్తుందని 1981లో బార్బరా రోల్స్ బృందం చూపింది. పులుసు చాలనుకున్నవాడు మిఠాయికి చోటు చూసుకునేది ఇందుకే. స్నేహితులు తలా ఒకటి తెప్పించి అన్నీ ఒక్కసారే బల్ల మీద పరిస్తే, తోడుతో తిన్నప్పుడు పెరిగే ఆ 44 శాతానికి ఈ మోజు కూడా తోడవుతుంది.

ఇలా అతిగా తినడానికి విరుగుడు కూడా ఈ భోజనంలోనే ఉంది. ఒక వంటకం పంచుకుని తినండి. అది అయ్యాక పది నిమిషాలు మాట్లాడుకోండి. తర్వాతది అప్పుడు చెప్పండి. కబురు చేరడానికి కడుపుకు గడువు దొరుకుతుంది, వేడివేడిగా వచ్చిన ప్రతి వంటకానికీ దాని వంతు మర్యాద దక్కుతుంది. చివర కాస్త మగతగా ఉంటే గాబరా పడనక్కర్లేదు. మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య చురుకు తగ్గడం మన ఒంటి గడియారంలోనే ఉంది, భోజనం చేయకపోయినా అది వస్తుంది. ఆ వేళను పనితో కుస్తీ పట్టడం కన్నా మాటలకు ఇవ్వడం తెలివైన పని.

అందరికీ సముద్రం అందుబాటులో ఉండదు. రాజమండ్రిలో గోదావరి గట్టుంది, విజయవాడలో కృష్ణ ఒడ్డుంది, హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఉంది, చాలా ఊళ్లలో చెరువు గట్టుంది. చిన్న నీటి మీద పుట్టే గాలి అంత బలంగా ఉండకపోవచ్చు. అయినా నీళ్లు కంటికి ఇచ్చే విశ్రాంతి ఉంటుంది, ఇరవై నిమిషాల కబురు, నలుగురి సంభాషణ ఎక్కడైనా ఒకటే. నీళ్లే లేకపోతే ఇంటి డాబా మీదైనా సరే, ముగ్గురు స్నేహితుల్ని పిలవండి, గంటన్నర పక్కన పెట్టండి, ఫోన్లు లోపల వదిలి రండి. ఈ భోజనంలో కొనలేనివి, వాయిదా వేస్తే తిరిగి దొరకనివి రెండే ఉన్నాయి. ఒకటి సమయం, రెండోది స్నేహితులు.